హారతి మేడం ఏ క్లాసులో కూర్చోవాలి

మా కాలేజీలో ఫ్రెంచి అంటే నాకు ఒళ్లు మంట. అది దాచుకుని హారతి గారి గురించి రాస్తే నేనేదో పెద్దమనిషినని మీరు పొరబడతారు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. ఇంటరు పిల్లలకి ఇంగ్లీషు కాక ఇంకో భాష ఉండాలి. మా దగ్గర తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి ఉన్నాయి, ఏదో ఒకటి తీసుకోవచ్చు. ఆ రోజుల్లో నా క్లాసులో పదకొండు మంది ఉంటే హారతి గారి ఫ్రెంచి క్లాసులో నూట నలభై మంది. బెంచీలు చాలక గుమ్మం దాకా కింద కూర్చునేవారు. ఫ్రాన్సు దేశం మీద ప్రేమతో కాదు. తెలుగులో ఎంత గింజుకున్నా డెబ్బై అయిదు దగ్గర ఆగిపోయే పిల్లవాడు ఫ్రెంచిలో అలవోకగా తొంభై అయిదు తెచ్చుకుంటాడు. పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్న భాషలో డెబ్బై అయిదు, ఒక్క ముక్క మాట్లాడలేని భాషలో తొంభై అయిదు. నాకు కడుపు మండదూ?

హారతి గారిది కడియం. వాళ్లాయన తాతాజీ అక్కడే ఒక నర్సరీలో మొక్కలు లారీలకెక్కించే పని చూసుకుంటాడు. ఆవిడ ఇంటరు మా కాలేజీలోనే చదివారు. ఫ్రెంచి తీసుకుంటే కష్టం లేదని సీనియర్లు చెబితే తీసుకుని, తొంభై ఏడు తెచ్చుకున్నారు. డిగ్రీలోనూ అంతే. తర్వాత ఎకనామిక్సులో ఎమ్మే చేసి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నారు. పందొమ్మిది వందల తొంభై అయిదులో మా ఫ్రెంచి మాస్టారు చెప్పాపెట్టకుండా హైదరాబాదు వెళ్లిపోయాడు. కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారు పాత మార్కుల రిజిస్టర్లు తెప్పించి, ఫ్రెంచిలో అందరికంటే ఎక్కువ మార్కులు ఎవరికొచ్చాయో చూసి, అటెండరుని కడియం పంపించారు. మూడు నెలలు చూడమ్మా, ఈలోగా మనిషిని తెస్తానన్నారు. ఆ ఏడాది పిల్లలందరికీ తొంభై దాటాయి. ఇక మనిషిని తేవలసిన అవసరం ఆయనకి కనబడలేదు.

పనిదొంగ కాదావిడ. ఇరవై ఏళ్ల ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఏ ప్రశ్న ఏ ఏడాది వస్తుందో, వేటికి ఇంగ్లీషులో జవాబు రాసినా సరిపోతుందో లెక్క తేల్చి నోట్సు తయారుచేశారు. జిరాక్సు షాపుల వాళ్లు హారతి మేడం నోట్సు అని కాకినాడ దాకా అమ్ముకున్నారు. పిల్లలు ఫ్రెంచి ముక్కల కింద తెలుగక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేవారు. రాసిన ప్రతి అక్షరాన్నీ పలకడం మన అలవాటు కదా, వాళ్లూ ఒక్క అక్షరాన్నీ వదలకుండా పలికేవారు. పక్క గదిలో నేను పద్యం ఎత్తుకునేసరికి నూట నలభై గొంతులు ఆ ఫ్రెంచిని దంచుతుండేవి. నేను రెండుసార్లు వెళ్లి తలుపు వేసుకోమని చెప్పాను. ఆవిడ నొచ్చుకోకుండా నవ్వి తలుపు వేసుకున్నారు. మర్నాడు వాళ్ల పెరటి సపోటాలు సంచీతో తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఇలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవాలంటే ఎంత కష్టపడాలో పడితేగానీ తెలీదు.

ఇలా తొమ్మిదేళ్లు గడిచాయి. రెండువేల నాలుగులో కరస్పాండెంట్ గారికి కొత్త ఆలోచన వచ్చింది. హైదరాబాదులో ఫ్రెంచి వచ్చినవాళ్లకి కంపెనీలు పిలిచి ఉద్యోగాలిస్తున్నాయని ఎవరో చెప్పారట. వేసవి సెలవుల నుంచి సాయంత్రం పూట ఫ్రెంచి కోర్సు పెడదామన్నారు. చెప్పడానికి జగన్నాథరావు గారు దొరికారు. ఆయనది యానాం. అక్కడ ఫ్రెంచివాళ్లు ఉండగానే వాళ్ల బళ్లో చదువుకుని, ఆ తర్వాత అదే పాఠం చెప్పి రిటైరయ్యారు. రాజమండ్రిలో కూతురింటికి వచ్చి ఊసుపోక ఉన్నారు. వెంటనే కరపత్రాలు అచ్చయ్యాయి. రెండు క్లాసులు, ఒకటి కొత్తవాళ్లకి, రెండోది వచ్చినవాళ్లకి. రెండోది జగన్నాథరావు గారు, మొదటిది హారతి గారు చెబుతారని పేర్లు కూడా వేసేశారు. హారతి గారిని ఒక్క మాట అడగలేదు.

అరవై ఒక్కమంది చేరారు. డిగ్రీ పిల్లలు, ఇంటరు అయిపోయినవాళ్లు. దాదాపు అందరూ హారతి గారి దగ్గర చదివినవాళ్లే. ఎవరు ఏ క్లాసో తేల్చడానికి కరస్పాండెంట్ గారు సులువైన పద్ధతి చెప్పారు. ఇంటర్లో ఎనభై దాటినవాళ్లు రెండో క్లాసు, దాటనివాళ్లు మొదటి క్లాసు. నన్ను జాబితా రాయమన్నారు. రాశాను. రెండో క్లాసులో అరవై ఒక్కమంది, మొదటి క్లాసులో సున్నా. ఆ కాగితం చూసి జగన్నాథరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత నెమ్మదిగా మడిచి నా చేతికిచ్చేసి, మార్కులు ఆయన చూడరని, ఒక్కొక్కరినీ అయిదు నిమిషాలు తన ముందు కూర్చోబెట్టమని చెప్పారు. పెన్ను, కాగితం వద్దన్నారు. వచ్చినవాళ్లు ఆయనతో మాట్లాడాలి, అంతే.

స్టాఫ్ రూములో రెండు రోజులు జరిగింది ఆ తతంగం. పేర్లు రాసుకోవడానికి నేను పక్కనే ఉన్నాను. ఆయన అడిగిందేమిటో నాకు మొదట అర్థం కాలేదు గానీ ఆయనే తర్వాత చెప్పారు. పొద్దున్న ఏం తిన్నావు, ఎలా వచ్చావు, ఇంట్లో ఎవరెవరున్నారు. తొంభై ఎనిమిది వచ్చిన కుర్రాడు గుటకలు మింగాడు. తొంభై ఏడు అమ్మాయి కాసేపు పైకి చూసి, పాఠంలో మొదటి పేరా మొత్తం అప్పజెప్పింది. అది ఏదో రైల్వే స్టేషను గురించట. ఆయన ఎవర్నీ చిన్నబుచ్చలేదు. అందరికీ మంచిదమ్మా, మంచిది బాబూ అని చెప్పి పంపించారు. నేను లోపల్లోపల గంతులేస్తున్నాను. తొమ్మిదేళ్లుగా నా పదకొండు మందినీ చూసి నవ్వినవాళ్ల బండారం బయటపడుతుంటే నాకు పండగలా ఉంది.

రెండో రోజు దుర్గాసాయి వచ్చింది. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే వీరవెంకటసత్యనారాయణ గారి పెద్దమ్మాయి. తల్లిది యానాం. సెలవులన్నీ ఫ్రెంచి మాట్లాడే అమ్మమ్మ దగ్గరే గడిపేదట. ఇంటర్లో ఫ్రెంచిలో ఎనభై రెండే వచ్చాయి, మా కాలేజీలో అందరికంటే తక్కువ. ఆ మార్కుల వల్లే కాలేజీ ఫస్టు వేరేవాళ్లకి పోయింది. ఆ పిల్ల కుర్చీలో కూర్చున్న రెండో నిమిషంలో ముసలాయనా తనూ నవ్వుకోవడం మొదలుపెట్టారు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతుంటే ఆయన అడ్డుపడి ఇంకేదో అడుగుతున్నారు. అయిదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. అప్పుడు తలెత్తి చూస్తే గుమ్మంలో హారతి గారు నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఎందుకో నాకు తెలుసు, ఆ గొడవంతా నా కళ్ల ముందే జరిగింది. రెండేళ్ల కిందట ప్రీ ఫైనల్ పరీక్షలో దుర్గాసాయి నోట్సులో ఉన్నట్టు కాకుండా తన సొంతంగా జవాబులు రాసింది. హారతి గారు అన్నీ ఎర్రసిరాతో కొట్టేశారు. తండ్రిని పిలిపించి, అమ్మాయి మనసు పెట్టి చదవడం లేదని చెప్పారు. ఆయన అక్కడే అమ్మాయిని నానా మాటలూ అన్నాడు. ఆ తర్వాత పబ్లిక్ పరీక్షలో ఆ పిల్ల సగం సొంతంగా, సగం బట్టీగా రాసి రెంటికీ చెడింది.

అందరూ వెళ్లిపోయాక హారతి గారు వచ్చి జగన్నాథరావు గారి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. నన్ను కూడా పరీక్షించండి సార్ అన్నారు. ఆయన అదే అడిగారు, పొద్దున్న ఏం తిన్నారని. ఆవిడకి వినబడింది గానీ అర్థం కాలేదు. కాగితం మీద రాసిపెడితే జవాబు చెబుతానన్నారు. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ నెమ్మదిగా అడిగారు. ఈసారి ఆవిడకి ప్రశ్న అందింది గానీ, జవాబు ఫ్రెంచిలో కట్టుకోలేకపోయారు. చివరికి తెలుగులోనే పెసరట్టు అన్నారు. ఆ క్షణంలో నాకు పండగేమీ అనిపించలేదు. సిగ్గేసింది, ఆవిడని చూసి కాదు, నన్ను చూసుకుని.

జగన్నాథరావు గారు దాపరికం లేకుండా చెప్పారు.

"మీకు చాలా వచ్చమ్మా. కానీ అంతా కంటికొచ్చు, చెవికీ నోటికీ రాదు. మొదటి క్లాసు మీరు చెప్పలేరు, అదీ నేనే చెబుతాను. రెండో క్లాసులో కూర్చుంటే రాతతో ఎలాగో నెగ్గుకొచ్చేస్తారు. మొదటి క్లాసులో కూర్చుంటే నేర్చుకుంటారు. ఎందులో వెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆవిడ రేపు చెబుతానన్నారు. ఈలోగా సంగతి కరస్పాండెంట్ గారికి తెలిసిపోయింది. ఆయన తల పట్టుకున్నారు. కరపత్రంలో చెప్పేవాళ్ల జాబితాలో ఉన్న మనిషి నేర్చుకునేవాళ్ల బెంచీ మీద కూర్చుంటే జూన్లో అడ్మిషన్లకి ఎవరొస్తారన్నది ఆయన భయం. కావాలంటే రెండో క్లాసులో కూర్చోండి, పై చదువు చదువుతున్నారని చెప్పుకుంటాం అన్నారు. మొదటి క్లాసులో కూర్చుని, ఆ కారణంగా ఒక్క తండ్రి వచ్చి అడిగినా జూన్ నుంచి ఇంటరు ఫ్రెంచికి ఇంకొకర్ని చూసుకుంటానని కూడా అనేశారు. మనిషి చెడ్డవాడు కాదు, అడ్మిషన్ల కాలంలో ఏ కరస్పాండెంటైనా అలాగే ఉంటాడు.

మర్నాడు మధ్యాహ్నం హారతి గారు నా బల్ల దగ్గరికొచ్చి నా సలహా అడిగారు. నేను మనస్ఫూర్తిగానే చెప్పాను, రెండో క్లాసులో కూర్చోమని. అందులో ఉన్నది నలుగురే, అందరూ యానాం పిల్లలే, వాళ్లు బయటకి చెప్పేవాళ్లు కాదు, ఉద్యోగం ఉంటుంది, మర్యాద ఉంటుంది, మెల్లగా నెగ్గుకురావచ్చు అన్నాను.

"తొమ్మిదేళ్ల నుంచీ నెగ్గుకొస్తూనే ఉన్నానండి. ఇంక నాకు ఓపిక లేదు," అన్నారావిడ.

నేను జాబితా నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆవిడ పేరు అందులో ఎక్కడా ఉండకూడదని కరస్పాండెంట్ గారి ఆజ్ఞ. మొదటి క్లాసులో అక్షర క్రమంలో ఎక్కడ రావాలో అక్కడ రాయమని ఆవిడ కోరిక. జీతమిచ్చేది ఆయన. నేను కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, యాభై ఏడు పేర్ల మధ్యలో ఆవిడ పేరు కూడా రాశాను. ఆయన అడిగితే చూసుకోలేదని చెప్పొచ్చనుకున్నాను. నా ధైర్యం ఆ మాత్రం.

ఆ సాయంత్రమే ఆవిడ దుర్గాసాయిని వరండాలో ఆపి, నీ జవాబులు తప్పు కాదమ్మా, నాకు తెలియక కొట్టేశాను, మీ నాన్నగారికి కూడా తప్పు చెప్పాను అన్నారు. ఆ పిల్ల పరవాలేదు మేడం అంటూనే చున్నీతో కళ్లు తుడుచుకుంది. హారతి గారు స్కూటీ ఎక్కి వెళ్లిపోయారు.

మొదటి రోజు ఆవిడ క్లాసులోకి వెళ్లేసరికి యాభై ఏడు మందీ లేచి నిలబడ్డారట. కూర్చోండర్రా, నేనూ మీ క్లాసే అని చెప్పి మూడో బెంచీలో కూర్చున్నారు. వారం రోజులు పక్కన ఎవ్వరూ కూర్చోలేదు. రెండో వారంలో జగన్నాథరావు గారు ఒక పేరా ఇచ్చి ఒక్కొక్కరినీ చదవమన్నారు. ఎవరు చదివినా అవే తప్పులు, అదే చోట, అదే రాగం. పదిమంది అయ్యాక ఆయన పుస్తకం మూసి, మీ అందరికీ గురువు ఒక్కరేనా అని అడిగారు. మూడో బెంచీలోంచి హారతి గారు చెయ్యెత్తి, నేనేనండి అన్నారు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత క్లాసంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు ఆవిడే నవ్వారట. ఆ మర్నాటి నుంచి ఆవిడ పక్కన చోటు కోసం పిల్లలు ముందే వచ్చి కూర్చునేవారు.

ఆ నెలా నెలన్నరా ఆవిడంత సంతోషంగా ఉన్న మనిషిని మా స్టాఫ్ రూములో నేను చూడలేదు. స్కూటీ మీద కడియం వెళ్తూ దారి పొడుగునా అంకెలు వల్లించుకునేవారట. ఇంటికెళ్లాక నర్సరీలో వాళ్లాయన లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే పక్కన నిలబడి, క్రోటన్లూ గులాబీలూ ఫ్రెంచిలో లెక్కపెట్టేవారట. తట్టలు మోసే ఆడవాళ్లు మొదట మేడంగారికి ఏదో అయిందనుకున్నారు. పదిరోజులకి వాళ్లు కూడా పది దాకా అందుకున్నారు. డెబ్బై దాటాక ఫ్రెంచివాళ్ల లెక్క మరీ మెలికలుగా ఉంటుందని, అక్కడికొచ్చేసరికి తాతాజీ తెలుగులోకి దిగిపోతాడని ఆవిడే చెప్పి నవ్వారు. నేను ఆ కబుర్ల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇది నా పదకొండు మందికీ తెలిస్తే పరువు పోతుంది.

జూన్ వచ్చింది. అడ్మిషన్ల గదిలో దరఖాస్తులు నింపే పని నాది. కరస్పాండెంట్ గారు ఎదురుగా కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నారు. అప్పటి వరకూ ఏ తండ్రీ ఏమీ అడగలేదు. మూడో రోజు వీరవెంకటసత్యనారాయణ గారు తెల్ల చొక్కాతో, పెద్దకూతురు దుర్గాసాయినీ ఇంటర్లో చేరబోయే చిన్నకూతురు ప్రణతినీ వెంటబెట్టుకుని దిగారు. నేను ప్రణతి దరఖాస్తు అందుకుని రాస్తున్నాను. ఆయన కుర్చీలో కూర్చుంటూనే ఫ్రెంచి మేడం గారిని పిలిపించమన్నారు. కరస్పాండెంట్ గారు నావైపు ఒక చూపు చూశారు. జాబితాలో పేరు రాసిన చెయ్యి నాదే కదా, తల దించుకున్నాను.

హారతి గారు వచ్చి నిలబడ్డారు. సత్యనారాయణ గారు కూడా లేచి నిలబడ్డారు.

"మీరు కొత్తవాళ్ల క్లాసులో కూర్చుంటున్నారంట. నిజమేనా అండి?"

"నిజమేనండి."

"మరి ఈ తొమ్మిదేళ్లూ పిల్లలకి ఏం చెప్పారండి?"

"మార్కులు తెచ్చుకోవడం చెప్పానండి. అది తప్ప నాకు తెలీదు. మీ పెద్దమ్మాయి ఒక్కతే ఆ రోజుల్లో నిజంగా ఫ్రెంచి వచ్చిన పిల్ల. ఆ అమ్మాయి చదవట్లేదని మీకు చెప్పాను. అది నేను చేసిన తప్పండి."

కరస్పాండెంట్ గారు ఏదో సర్దిచెప్పబోయారు. సత్యనారాయణ గారు ఆయన్ని చేత్తో ఆగమన్నారు. దుర్గాసాయి వైపు తిరిగారు.

"రెండేళ్లు నిన్ను తిడుతూనే ఉన్నానే. నీకు వచ్చని ఒక్కసారి కూడా చెప్పలేదేమే?"

"మేడం తప్పన్నారు కదా నాన్నా. నాకే రాదనుకున్నాను," అంది ఆ పిల్ల.

ఆ మాటకి హారతి గారి కళ్లు నిండిపోయాయి. తుడుచుకోలేదు, తల తిప్పుకోలేదు. అలాగే ఆ పిల్లని చూస్తూ నిలబడ్డారు. ఇరవై రెండేళ్లుగా నేనూ ఎర్రసిరా వాడుతున్నవాణ్ణే.

సత్యనారాయణ గారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. నా ముందున్న దరఖాస్తు వైపు చూసి, సెకండ్ లాంగ్వేజ్ దగ్గర ఏం రాశారు మాస్టారూ అని అడిగారు. ఇంకా ఏమీ రాయలేదని చెప్పాను. ఇంకో రోజైతే తెలుగు గొప్పతనం గురించి ఆయనకి పావుగంట చెప్పేవాణ్ణి.

"ఇంట్లో ఈ మేడం ఊసే వద్దనుకుని, సంస్కృతం రాయిద్దామని బయలుదేరానండి," అన్నారాయన. "తెలీంది తెలీదని నా మొహం మీద చెప్పినావిడ మళ్లీ నాకు దొరకదు. ఫ్రెంచి రాయండి."

రాశాను. కరస్పాండెంట్ గారు గట్టిగా ఊపిరి వదిలి, హారతి మేడంకి కొత్త టైం టేబుల్ ఇచ్చారా లేదా అని అటెండరుని కేకేశారు. ఆవిడకి ఆ మాట వినబడినట్టు లేదు. ప్రణతి దగ్గరకి వెళ్లి, కొద్దిగా వంగి, ఏదో అడిగారు. నాలుగు ముక్కలు, మెత్తగా, కొన్ని అక్షరాలు మింగేస్తూ. నీ పేరేమిటని అడిగారని నాకు తర్వాత తెలిసింది. ఆ పిల్ల తెల్లమొహం వేసి అక్కవైపు చూసింది. అక్క చెప్పనివ్వలేదు, చూపుడు వేలు పెదాల మీద పెట్టుకుంది. హారతి గారు తొందరపడకుండా మళ్లీ అడిగారు. చేతిలో పుస్తకం లేకుండా ఆవిడ ఫ్రెంచి మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి. ఉన్నమాట ఒప్పుకోవాలి కదా, చెవికి చాలా బాగుంది.